పాత శాంట్రోలో కీచు శబ్దం, దానికి తోడు గుర్రుమనే రొద: ఇంజన్ దించకముందు బెల్టులు చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. 2009 మోడల్ శాంట్రో జింగ్, నువ్వు మూడో ఓనర్‌వి, మీటర్లో 92 వేలు, పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే నిమిషంపాటు కీచుమని అరిచి ఆగిపోతోంది, రాత్రిపూట హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి సిగ్నల్ దగ్గర ఆగితే మళ్ళీ అదే అరుపు. రెండు వారాల నుంచి ఇంకో శబ్దం, గుర్రుమని, రేజ్ చేస్తే పెరుగుతోంది. షెడ్డుకి తీసుకెళ్తే మేస్త్రి బానెట్ ఎత్తి ఒక చూపు చూసి ఇంజన్ దించాలి, ముప్పై ఐదు వేలు అవుద్ది అన్నాడు. టైమింగ్ బెల్ట్, అంటే కవర్ లోపల ఉండి పిస్టన్లకీ వాల్వులకీ లెక్క తప్పకుండా నడిపే బెల్టు, ఎప్పుడు మార్చారో నీకు తెలీదు, అమ్మినోడికీ తెలీదు. ఇంతేగా?

ఇంజన్ దించొద్దు. ఇప్పుడే కాదు. విజయవాడ ఆటోనగర్లో నేను పని నేర్చుకున్న దగ్గర నుంచి ఇప్పటికి పాతికేళ్ళు దాటింది, నువ్వు చెప్పిన ఈ రెండు శబ్దాలూ కలిపి వచ్చిన బండ్లు ఎన్ని చూశానో లెక్కలేదు, ఒక్కదానికి కూడా ఆ శబ్దాల కోసం ఇంజన్ దించలేదు. నీ బండి నేను చూడలేదు కాబట్టి ఒట్టేసి చెప్పను గానీ, నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. అందరూ శబ్దం ఎలా ఉందో చెప్తారు, కీచు, గరగర, టకటక అని, ఫోన్లో రికార్డు చేసి కూడా పంపిస్తారు, ఫోన్లో అన్నీ కాఫీ మిక్సీ లాగే వినపడతాయి. నాకు కావాల్సింది ఆ శబ్దం ఎప్పుడు మొదలవుతోంది, ఏం చేస్తే మారుతోంది, ఎప్పుడు ఆగుతోంది అనేది, నువ్వు అది రాశావు.

మొదటి శబ్దం చూద్దాం. పొద్దున స్టార్ట్ చేసినప్పుడే ఎందుకు? సెల్ఫ్ మోటరు బ్యాటరీ లోంచి ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగేస్తుంది, ఇంజన్ అందుకోగానే డైనమో, అంటే ఆల్టర్నేటర్, ఆ పోయిన కరెంటు తిరిగి నింపడానికి గట్టిగా పని చెయ్యాలి, పని పెరిగితే దాని పుల్లీ తిరగడం బరువవుద్ది, పైగా రాత్రంతా చలికి బెల్టు రబ్బరు బిర్రుగా ఉంటది, మంచు తడి కూడా ఉంటే చెప్పక్కర్లేదు, బెల్టు పుల్లీ మీద జారుద్ది, ఆ జారుడే నీకు వినపడే అరుపు. నిమిషంలో బ్యాటరీ కొంచెం నిండుద్ది, రబ్బరు వేడెక్కుద్ది, అరుపు ఆగిపోద్ది. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసినప్పుడు మళ్ళీ రావడానికి కారణం కూడా అదే, డైనమో మీద లోడు. ఇంజన్ లోపల అరిగింది ఏదైనా సరే హెడ్‌లైటు స్విచ్ వేస్తే అరవడం, ఆపితే ఊరుకోవడం చెయ్యదు కదా.

నీ బండిలో డైనమోకి ఒక బెల్టు, పవర్ స్టీరింగ్ పంపుకి ఒకటి, ఏసీ కంప్రెసర్‌కి ఒకటి, వేరువేరుగా ఉంటాయి, ఈ కాలం బండ్లలో లాగా ఒకటే పొడుగాటి పాము లాంటి బెల్టు కాదు. అది నీ అదృష్టం, ఎందుకంటే ఏది అరుస్తోందో ఇంట్లో నిలబడే పట్టుకోవచ్చు. బండి న్యూట్రల్లో, హ్యాండ్ బ్రేక్ వేసి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి ఒక్క రెండు సెకన్లు పట్టుకో, అప్పుడు అరిస్తే స్టీరింగ్ బెల్టు. ఎక్కువసేపు పట్టుకోవద్దు, పంపు వేడెక్కుద్ది. ఏసీ బటన్ నొక్కి కంప్రెసర్ టక్కున పట్టుకున్న క్షణంలో అరిస్తే ఏసీ బెల్టు. లైట్లు, బ్లోయరు, వెనక అద్దం హీటరు ఉంటే అది కూడా వేసినప్పుడు అరిస్తే డైనమో బెల్టు. నువ్వు చెప్పిన దాని ప్రకారం డైనమోదే, కానీ మూడూ ఒకే వయసువి అయ్యుంటాయి కాబట్టి మూడూ చూడు.

ఇప్పుడు నీళ్ళ సీసా పరీక్ష. మొక్కలకి కొట్టే చిన్న స్ప్రే సీసా ఉంటది చూడు, దాంట్లో మంచినీళ్ళు పోసి, ఇంజన్ ఐడిల్లో తిరుగుతూ అరుస్తున్నప్పుడు బెల్టుకి గాళ్ళున్న, అంటే పొడుగ్గా చాళ్ళు పడి ఉన్న, లోపలి వైపు కొంచెం చిలకరించు, ప్లగ్ వైర్ల మీద, కాయిల్ మీద పడనీకు. నీళ్ళు పడగానే అరుపు ఇంకా పెద్దదైతే బెల్టు లూజుగా ఉంది, లేకపోతే అరిగి నున్నగా అయిపోయి జారుతోంది. నీళ్ళు పడగానే అరుపు ఆగి, ఆరాక మళ్ళీ మొదలైతే, అదీ కీచుమని సాగదీసినట్టు కాకుండా పిచ్చుక అరిచినట్టు కిచ్ కిచ్ కిచ్ అని లెక్కగా వస్తుంటే, పుల్లీలు ఒకే లైన్లో లేవు, బెల్టు వంకరగా నడుస్తోంది. ఈ రెండోదానికి కొత్త బెల్టు వేసినా వారం రోజులు ఊరుకుని మళ్ళీ మొదలవుద్ది, బ్రాకెట్ బోల్టు లూజైందో, పుల్లీ వంగిందో చూడాలి. మనవాళ్ళు కొందరు సబ్బు ముక్క తెచ్చి తిరిగే బెల్టుకి రుద్దుతారు, కొందరు ఏదో స్ప్రే కొడతారు. అరుపు ఆగుద్ది, నిజమే, రెండు రోజులు. తర్వాత ఆ జిగురుకి దుమ్ము పట్టి ఇంకా జారుద్ది, పుల్లీ గాళ్ళలో పేరుకున్న చెత్త నేను బ్రష్ పెట్టి గీకాలి. వద్దు. ఇంకో మాట, ఈ పనులు చేసేటప్పుడు తుండుగుడ్డ మెడలో వేసుకుని, పొడుగు చేతుల చొక్కాతో వంగొద్దు. రేడియేటర్ ఫ్యాను కరెంటుది, వేడెక్కితే చెప్పకుండా దానంతట అదే తిరుగుద్ది.

బెల్టు కంటితో ఎలా చూడాలంటే, ఇంజన్ ఆపి, చల్లారాక, టార్చి పట్టుకుని లోపలి వైపు తిప్పి చూడు. పగుళ్ళు ఉంటే సరే, అది అందరికీ తెలుసు. కానీ ఇప్పుడొచ్చే బెల్టుల రబ్బరు వేరు, పాత రకం లాగా పగలదు, టైరు అరిగినట్టు మెల్లగా అరుగుతుంది, పైకి చూస్తే కొత్తదాని లాగే ఉంటది, గాళ్ళు మాత్రం వెడల్పై పోయి పుల్లీ అడుగుకి తగులుతుంటుంది. పగుళ్ళు లేవు కదా బాగానే ఉంది అని వదిలేసిన బెల్టులే దారిలో తెగేవి. అంచులు పోగులు లేచాయా, గోరుతో గీస్తే అద్దంలా మెరుస్తోందా, ఆయిలు తగిలి మెత్తబడి ఉబ్బిందా, ఇవి చూడు. ఆయిలు తగిలి ఉంటే ముందు ఆ లీకు ఆపాలి, లేకపోతే కొత్త బెల్టు కూడా ఆరు నెలలే.

ఇక రెండో శబ్దం, గుర్రు. దీన్ని చూసే మీ మేస్త్రి భయపెట్టి ఉంటాడు. లైట్లు వేసినా ఆపినా మారకుండా, కేవలం ఇంజన్ స్పీడుతో పాటు పెరిగి తగ్గే గుర్రు అంటే నాకు ముందు గుర్తొచ్చేది బేరింగ్. డైనమో బేరింగు, వాటర్ పంపు బేరింగు, ఏసీ పుల్లీ బేరింగు, టైమింగ్ బెల్ట్‌ని బిర్రుగా పట్టే టెన్షనర్ చక్రం బేరింగు, ఈ నలుగురిలో ఒకరు దొంగ. ఏసీ వెయ్యనప్పుడు కూడా ఏసీ పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, దాని బేరింగు పోతే ఏసీ ఆపి ఉన్నప్పుడు కూడా అరుస్తుంది, ఏసీ వేస్తే శబ్దం మారొచ్చు, ఇది చాలామందికి తెలీక కంప్రెసర్ మొత్తం మార్చేస్తారు. అన్నట్టు క్లచ్ తొక్కి చూశావా? తొక్కితే శబ్దం ఆగితే గేర్‌బాక్స్ వైపు, తొక్కితేనే వస్తే క్లచ్ బేరింగు, అప్పుడు నేను చెప్పే బెల్టుల గొడవంతా వేరే సంగతి.

పొడుగాటి స్క్రూ డ్రైవర్ తీసుకో, దాని పిడి చెవి వెనక ఎముకకి ఆనించు, మొనని ఒక్కో దాని బాడీకి ఆనించు, తిరిగే పుల్లీకి కాదు బాబూ, తిరగని బాడీకి. డైనమో బాడీ, వాటర్ పంపు బాడీ, కంప్రెసర్ బాడీ. మంచి బేరింగు సన్నగా, నూనె పోసిన కుట్టుమిషన్ లాగా వినపడుద్ది. పోయిన బేరింగు దగ్గర కంకర మీద సైకిల్ వెళ్తున్నట్టు గరగర నేరుగా తలలోకి ఎక్కుద్ది, ఒకసారి విన్నాక ఇంక మర్చిపోలేవు. ఇలా తేలకపోతే ఇంజన్ ఆపి డైనమో బెల్టు తీసేసి స్టార్ట్ చెయ్యి (దానికి బయట వైపు వేరే బెల్టు అడ్డముంటే ముందు అది తీసి ఒకసారి విను), ముప్పై సెకన్లు మాత్రమే, ఆ బెల్టే వాటర్ పంపుని తిప్పేది, నీళ్ళు తిరగవు. గుర్రు ఆగిపోయిందా, అయితే డైనమో లేకపోతే వాటర్ పంపు. ఆపేసి రెండు పుల్లీలూ చేత్తో తిప్పు, అటూ ఇటూ ఊపు. ఆట ఉన్నా, గరుకుగా తిరిగినా అదే. వాటర్ పంపు బాడీకి కింద చిన్న రంధ్రం ఉంటది, దాని చుట్టూ తెల్లగానో పచ్చగానో ఎండిన కూలెంట్ చార ఉంటే ఇంక అనుమానమే లేదు. బెల్టు తీసినా గుర్రు అలాగే ఉంటే మిగతా రెండు బెల్టులు కూడా ఒక్కోటీ తీసి చూడు, అన్నీ తీసినా ఉందంటే టైమింగ్ కవర్ లోపల టెన్షనర్ మీద అనుమానం.

మరి నిజంగా ఇంజన్ దించాల్సిన శబ్దం ఎలా ఉంటది అని అడుగుతావు. ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడు, తక్కువుంటే పైన వాల్వుల్ని నొక్కే ట్యాపెట్లు టకటక కొడతాయి, ఆయిల్ పోస్తే ఊరుకుంటాయి, అది సన్నటి శబ్దం. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ అని, వేడెక్కాక పోతే సైలెన్సర్ మ్యానిఫోల్డ్ దగ్గర గ్యాస్ లీకు కావచ్చు. లారీ వెనక ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు డబ్బాలో గోళీలు ఊపినట్టు వస్తే పెట్రోలు, కార్బన్, టైమింగ్ చూడాలి. భయపడాల్సింది ఒక్కటే, కింద నుంచి, లోతుగా, సుత్తితో మెల్లగా గుద్దినట్టు, లోడు పడ్డప్పుడు పెరిగే గుద్దుడు, దానికి తోడు ఆయిల్ లైటు మిణుకు మిణుకుమంటే కనెక్టింగ్ రాడ్ బేరింగు పోయినట్టే. ఇంజన్ ఆపి ఒక ఇంజెక్టర్ కనెక్టర్ పీకి, స్టార్ట్ చేసి వింటే, ఏ సిలిండర్‌ది పీకినప్పుడు గుద్దుడు తగ్గుతుందో అక్కడ ఉంది రోగం. నువ్వు రాసిన దాంట్లో గుద్దుడు లేదు, ఆయిల్ లైటు లేదు.

బెల్టు చిన్న విషయం కదా అని వాయిదా వేసే వాళ్ళకోసం ఒకటి చెప్తా. ఒకాయన మారుతి 800 లో ఒంగోలు నుంచి గుంటూరు వస్తున్నాడు, మే నెల, మార్టూరు దగ్గర బ్యాటరీ లైటు వెలిగింది. బ్యాటరీయే కదా, గుంటూరు వెళ్ళాక చూపిద్దాంలే అని తొక్కాడు. అరుపు నెల రోజుల నుంచీ ఉందంట, ఆ రోజు అరుపు ఆగిపోయిందని సంతోషపడ్డాడంట కూడా! బెల్టు తెగింది కాబట్టి ఆగింది. 800 లో డైనమోని, వాటర్ పంపుని తిప్పేది ఒకటే బెల్టు. చిలకలూరిపేట చేరేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది, హెడ్ వంగింది, లేత్ షాపులో ఫేసింగ్ చేయించాల్సొచ్చింది. నీ శాంట్రోలో కూడా ఇదే ఏర్పాటు. బ్యాటరీ లైటు వెలిగి, వెంటనే టెంపరేచర్ ముల్లు ఎక్కడం మొదలైతే పక్కకి ఆపి ఇంజన్ ఆపెయ్, ఇంకో కిలోమీటరు కూడా వద్దు.

మార్చడం సంగతి. బయటి బెల్టులు నువ్వే మార్చుకోవచ్చు, స్పానర్లు పట్టుకోవడం వస్తే చాలు. బ్యాటరీ నెగటివ్ తీసేయ్. డైనమోకి కింద ఒక ఇరుసు బోల్టు, పైన చీలిక ఉన్న పట్టీకి ఇంకో బోల్టు ఉంటాయి, రెండూ లూజు చేసి డైనమోని ఇంజన్ వైపుకి నెడితే బెల్టు వదులవుద్ది. బయట వైపున్న బెల్టులు ముందు తీస్తేనే లోపలిది వస్తుంది, తీసేముందు ఏది ఎటు నుంచి వెళ్తోందో ఫోటో తీసుకో. పాత బెల్టు పారెయ్యకు, షాపుకి పట్టుకెళ్ళు. దాని వీపు మీద 4పీకే 800 అన్నట్టు ఒక నంబరు ఉంటది, 4 అంటే గాళ్ళ మధ్య నాలుగు గట్లు, పీకే అంటే గట్ల సైజు, చివరది పొడవు మిల్లీమీటర్లలో. నంబరు చెరిగిపోతే పక్కపక్కన పెట్టి కొలుచుకో, కానీ పాతది కొంచెం సాగి ఉంటదని గుర్తుంచుకో. శాంట్రోది అంటే చాలు షాపువాడు ఏదో ఒకటి ఇచ్చేస్తాడు, స్టీరింగ్‌ది డైనమోకి ఇచ్చిన రోజులున్నాయి.

బిగించేటప్పుడే అందరూ తప్పు చేసేది. అరుస్తోంది కాబట్టి గట్టిగా బిగిద్దాం అని రాడ్డు పెట్టి లాగి వీణ తీగ లాగా చేస్తారు, అరుపు పోద్ది, మూడు నెలల్లో డైనమో బేరింగు, వాటర్ పంపు బేరింగు పోతాయి. నీ రెండో శబ్దం అలా వచ్చిందే అని నా అనుమానం, నీకు ముందున్న ఓనరు ఎవరో లాగి బిగించి ఉంటాడు. రెండు పుల్లీల మధ్య ఎక్కువ దూరం ఉన్నచోట బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు లోపు దిగాలి, అంతే. పుల్లీ గాళ్ళు పాత టూత్ బ్రష్‌తో శుభ్రం చేసి, అన్ని గట్లూ గాళ్ళలో కూర్చున్నాయా లేదా వేలితో తడిమి చూడు, ఒక గట్టు బయటికి వేలాడుతుంటే పది నిమిషాల్లో చీరేస్తుంది. పావుగంట నడిపి ఆపి, మళ్ళీ నొక్కి చూడు, కొత్త బెల్టు కొంచెం సాగుద్ది.

టైమింగ్ బెల్ట్ వేరే కథ. అది బయటికి అరవదు, కనపడదు, చెప్పి పోదు. ఇలాంటి పెట్రోలు బండ్లకి మామూలుగా 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య మార్చమంటారు, నీ బండిది ఎంతో మాన్యువల్లో ఉంటది, తక్కువ తిరిగినా నాలుగైదేళ్ళకి రబ్బరు పాడవుద్ది. ఎప్పుడు మార్చారో తెలీదంటే మార్చలేదనే లెక్క. అది తెగితే క్యామ్, అంటే వాల్వుల్ని తెరిచే ఇరుసు, ఆగిపోద్ది, పిస్టన్లు ఆగవు, తెరుచుకుని ఉన్న వాల్వుల్ని కొట్టి వంచేస్తాయి, అప్పుడు మీ మేస్త్రి చెప్పిన ముప్పై ఐదు వేలు నిజం అవుద్ది. ఆల్టో కే10, మల్టీజెట్ డీజిల్ స్విఫ్ట్ లాంటి వాటికి చైను, వాళ్ళకి ఈ గొడవ లేదు, చైను లూజైతే స్టార్టింగ్‌లో గలగలమంటుంది, అది వేరే.

ఇది నువ్వు చెయ్యొద్దు, చేయించు, కానీ పక్కన నిలబడి చూడు. ఎందుకు చూడమంటున్నానంటే నేను చేసిన తప్పు చెప్తా. నేర్చుకునే రోజుల్లో ఒక 800 కి టైమింగ్ బెల్టు మా గురువు లేనప్పుడు నేనే వేశా. క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని మార్కు, క్యామ్ మార్కు రెండూ కలిపా, బెల్టు వేశా, టెన్షనర్ బిగించా, కవర్లు పెట్టేశా, గొప్పగా ఫీలైపోయా. ప్రకాశం బ్యారేజీ మీద టెస్ట్ డ్రైవ్, బండి లాగట్లేదు, ఐడిల్లో గజగజ వణుకుతోంది. గురువు వచ్చి ఏమీ అనలేదు, కవర్లు విప్పించాడు, క్రాంకు బోల్టుకి రాట్చెట్ తగిలించి చేత్తో మెల్లగా ఒక చుట్టు, ఇంకో చుట్టు తిప్పాడు, క్రాంకు మార్కు సరిగ్గా వచ్చింది, క్యామ్ మార్కు సరిగ్గా ఒక పన్ను పక్కన ఆగింది. వేలితో దాన్ని చూపించి నా మొహం వంక చూశాడంతే. టెన్షనర్ బిగించేటప్పుడు లూజు అంతా ఒక వైపుకి లాగి క్యామ్ జరిగింది, రెండు చుట్లు తిప్పి ఉంటే అప్పుడే తెలిసేది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు, అందుకే రెండు. నీ మేస్త్రి కూడా కవర్ మూసే ముందు, ఇంజన్ తిరిగే వైపుకే, చేత్తో రెండు చుట్లు తిప్పి మార్కులు నీకు చూపించాలి, సెల్ఫ్ కొట్టి చూస్తే చాలు అంటే ఒప్పుకోకు. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతంగా తిప్పకూడదు, అక్కడ వాల్వు పిస్టన్‌కి తగులుతోందని అర్థం.

బెల్టు ఒక్కటే మార్చి టెన్షనర్ పాతదే ఉంచితే దండగ, రెండూ మార్చు. కవర్ విప్పినప్పుడే క్రాంకు సీలు, క్యామ్ సీలు దగ్గర ఆయిల్ తడి ఉంటే అవీ వేయించు, సీలు ఖరీదు ఎంతని, మళ్ళీ విప్పే కూలీయే ఎక్కువ. వాటర్ పంపు బేరింగు దొంగ అని తేలితే అదీ ఇప్పుడే. మొత్తం కలిపినా ఇంజన్ పనిలో సగం కూడా అవ్వదు.

నీళ్ళ సీసా పరీక్షలో ఏమొచ్చిందో, డైనమో బెల్టు తీసినప్పుడు గుర్రు ఆగిందో లేదో ఈ రెండూ రాయి, ఏ పార్టు కొనాలో అప్పుడు చెప్తా. ఈలోపు ఊరు దాటి తీసుకెళ్ళకు, టైమింగ్ బెల్టు మారేదాకా.